కంపెనీ పేరు మారింది.. ఇంటిపేరు బయటపడింది

సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్లేసరికి గేటు మీద పాత బోర్డు లేదు. ఐడీ కార్డు తాడు కొత్తది, టీ కప్పు కొత్తది, లిఫ్టు తలుపుల మీద స్టిక్కరు కొత్తది. ప్రతి సీటు మీద ఒక టీషర్టు మడతపెట్టి ఉంది. పదకొండు గంటలకు టౌన్‌హాల్ మీటింగ్. కంపెనీ పేరు మారిందని, ఇది మనందరికీ కొత్త గుర్తింపు అని సీఈఓ స్క్రీన్ మీద కనిపించి చెప్పారు. సాయంత్రానికల్లా అందరూ లింక్డ్‌ఇన్‌లో కొత్త లోగోతో ఫొటో పెట్టాలి. ఎవరు పెట్టారో, ఎవరు పెట్టలేదో టీమ్ లీడ్ ఎక్సెల్ షీటులో టిక్కు పెట్టుకున్నాడు.

నేను పనిచేసిన ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఇలాంటి సోమవారాలు చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఎన్‌ఐఐటీ టెక్నాలజీస్ 2020లో కోఫోర్జ్ అయింది. ఎల్ అండ్ టీ ఇన్ఫోటెక్, మైండ్‌ట్రీ 2022లో కలిసిపోయి ఎల్‌టీఐమైండ్‌ట్రీ అయ్యాయి. అదే ఏడాది హెచ్‌సీఎల్ టెక్నాలజీస్ తన బ్రాండు పేరును హెచ్‌సీఎల్‌టెక్‌గా మార్చుకుంది. ఇవన్నీ బిజినెస్ పేజీల్లో వార్తలవుతాయి. షేరు ధర ఎంత పెరిగింది, లోగో రంగుకు అర్థమేమిటి అని విశ్లేషణలు వస్తాయి. లోపల పనిచేసే దళిత ఉద్యోగికి ఆ సోమవారం ఏం జరుగుతుందో మాత్రం ఎక్కడా రాదు. ఈ వ్యాసం దాని గురించే.

ఒక్క అక్షరం చాటున

కంపెనీ పేరు మారితే ఈమెయిల్ డొమైన్ మారుతుంది. దాంతో పాటు ఉద్యోగుల వివరాలన్నీ కొత్త హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌లోకి మారుస్తారు. మా పాత కంపెనీలో ఎవరు ఎలా చేరితే అలా ఈమెయిల్ ఉండేది. చాలామంది తెలుగువాళ్లకు పేరు, పక్కన ఇంటిపేరులోని మొదటి అక్షరం మాత్రమే ఉండేవి. కొత్త పద్ధతిలో మొదటి పేరు, చుక్క, చివరి పేరు. చివరి పేరు దగ్గర ఒక్క అక్షరం పెడితే సిస్టమ్ తీసుకోదు. సర్టిఫికెట్‌లో ఉన్న పూర్తి ఇంటిపేరు ఎక్కించాల్సిందే.

నా పక్క సీటు మిత్రుడు ఏడేళ్లుగా ఆ ఒక్క అక్షరం చాటున పనిచేశాడు. ఆ రోజు చాట్ విండోలో, మీటింగ్ పిలుపుల్లో, ఈమెయిల్ సంతకంలో, మెడలో వేలాడే కార్డు మీద అతని ఇంటిపేరు పూర్తిగా వచ్చేసింది. ఆ ఇంటిపేరు నేనిక్కడ రాయను. రాస్తే నేనూ అదే పని చేసినవాణ్నవుతాను. హెచ్‌ఆర్ అమ్మాయిని అడిగాడు, పాత పద్ధతిలోనే ఉంచడం కుదరదా అని. "సిస్టమ్ అంతే సర్, అందరికీ ఒకటే రూల్" అంది. ఆమె చెప్పింది అబద్ధం కాదు. రూల్ అందరికీ ఒకటే. కానీ పేరు చివర రెడ్డి, చౌదరి, శర్మ అని ఉన్నవాడికి ఆ రూల్ వల్ల పోయేదేమీ లేదు. అతను ఎప్పుడూ దాచుకోలేదు, దాచుకోవాల్సిన అవసరమే రాలేదు.

తెలుగునాట ఇంటిపేరు ఒక్కటే కులం చెప్పదు. ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంటుంది. అందుకే ఇంటిపేరు తెలియగానే తర్వాతి ప్రశ్నలు మొదలవుతాయి. మీదే ఊరు? ఊళ్లో ఎటువైపు? నాన్నగారు ఏం చేస్తారు? ఇంటర్ ఎక్కడ చదివారు? సాంఘిక సంక్షేమ గురుకులం అంటే సగం సమాధానం దొరికినట్టే. ఎంసెట్‌లో ర్యాంకెంత? ఏ కాలేజీ? ఆ ర్యాంకుకు ఆ కాలేజీలో సీటెలా వచ్చింది? ఆదివారం చర్చికి వెళ్తారా? ఒక్కో ప్రశ్న విడిగా చూస్తే మామూలు పలకరింపే. వరసగా పేర్చి చూస్తే అది కులం విచారణ.

నా మిత్రుడిని ఆ వారంలో ముగ్గురు ఊరు అడిగారు. ఏడేళ్లలో అడగనివాళ్లు. మధ్యాహ్నం భోజనానికి కలిసి వెళ్లే గుంపు రెండు నెలల్లో చిన్నదైంది. రెండు కంపెనీలు కలిసినప్పుడు గ్రేడ్లు సరిచూసి కొత్త హోదాలు ఇస్తారు, దాన్ని మ్యాపింగ్ అంటారు. అందులో అతనికి ఒక మెట్టు కింద హోదా వచ్చింది. అది కులం వల్లేనని నేను నిరూపించలేను. అతనూ నిరూపించలేడు. కారణం రాసి ఉన్న కాగితం ఎక్కడా దొరకదు. ఈ వివక్షకు బలం అదే.

పేరు చూసి పక్కన పెట్టడం అపోహ కాదు

"సాఫ్ట్‌వేర్‌లో కులమెక్కడిది? కోడ్ రాసేవాడికి కులముంటుందా?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల కోసం కొన్ని లెక్కలు.

సుఖదేవ్ థోరాట్, పాల్ అట్‌వెల్ చేసిన అధ్యయనం 2007లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. పత్రికల్లో వచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు వాళ్లు 4,808 దరఖాస్తులు పంపారు. చదువులు ఒకటే, అర్హతలు ఒకటే. తేడా పేరులోనే. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి 0.67. ముస్లిం పేరుకు 0.33. అభ్యర్థి ముఖం కూడా చూడకముందే, కాగితం మీద పేరు దగ్గరే ఇంత తేడా.

అదే సంవత్సరం సురీందర్ జోధ్కా, క్యాథరిన్ న్యూమన్ పెద్ద కంపెనీల హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడారు. మేము ప్రతిభ మాత్రమే చూస్తామని వాళ్లంతా చెప్పారు. ఆ మాట చెప్పినవాళ్లే ఇంటర్వ్యూల్లో కుటుంబ నేపథ్యం అడుగుతామని కూడా చెప్పారు. మన దగ్గర నాన్నగారు ఏం చేస్తారనే ప్రశ్న అదే.

పైకి వెళ్లేకొద్దీ పరిస్థితి మరింత ఘోరం. దేశంలోని 1,000 పెద్ద కంపెనీల డైరెక్టర్ల బోర్డులను పరిశీలించిన అధ్యయనం 2012లో వచ్చింది. బోర్డు సభ్యుల్లో దాదాపు 93 శాతం అగ్రకులాల వారే. ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతం. ఈ లెక్క తేల్చడానికి పరిశోధకులు ఆధారపడింది బోర్డు సభ్యుల ఇంటిపేర్ల మీదే. ఎందుకంటే కంపెనీలు తమంతట తాము ఈ లెక్క చెప్పవు.

సముద్రం దాటినా కథ మారలేదు. 2020 జూన్ 30న కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వ సంస్థ సిస్కో మీద కేసు వేసింది. అక్కడి ప్రధాన కార్యాలయంలో పనిచేసే ఒక దళిత ఇంజనీరు కులం గురించి, ఐఐటీలో అతను రిజర్వేషన్ సీటులో చేరిన సంగతి గురించి పైఅధికారి తోటివాళ్లకు చెప్పాడనేది అందులోని ఆరోపణల్లో ఒకటి. సిస్కో ఆ ఆరోపణలను ఖండించింది. ఇద్దరు అధికారులపై కేసును 2023లో ఉపసంహరించుకున్నారు, కంపెనీ మీద మాత్రం కొనసాగించారు. కోర్టు తీర్పుల సంగతి పక్కన పెడదాం. ఎంసెట్ ర్యాంకు అడిగే మన ప్రశ్నకు, ఆ ఆరోపణలో ఉన్న మాటకు ఎంత దగ్గర పోలిక ఉందో ఏ దళిత ఇంజనీరుకైనా వెంటనే అర్థమవుతుంది.

సత్యం చెప్పిన పాఠం

హైదరాబాద్‌లో రీబ్రాండింగ్ గురించి మాట్లాడుతూ సత్యం కంప్యూటర్స్‌ను వదిలేయలేం. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లెక్కలు తప్పని ఒప్పుకుంటూ లేఖ రాశారు. దాదాపు 53,000 మంది ఉద్యోగుల బతుకు ఒక్క ఉదయంలో అయోమయంలో పడింది. ప్రభుత్వం పాత బోర్డును రద్దు చేసి కొత్త సభ్యులను నియమించింది. ఏప్రిల్ 13న వేలంలో షేరుకు 58 రూపాయల చొప్పున టెక్ మహీంద్రా గెలిచింది. జూన్‌లో కంపెనీ పేరు మహీంద్రా సత్యం అయింది. 2013లో విలీనం పూర్తయ్యాక సత్యం అనే మాటే పోయింది.

పేరు మారిన ఆ జూన్‌లోనే మరొకటి జరిగింది. పని లేదనుకున్న వేల మంది ఉద్యోగులను 'వర్చువల్ పూల్' పేరుతో తగ్గించిన జీతంతో ఇంటి దగ్గర ఉండమన్నారు. మళ్లీ పిలిస్తే ఉద్యోగం, పిలవకపోతే లేదు. బయట కొత్త పేరుకు ప్రచారం, లోపల ఎవరు ఉండాలి, ఎవరు పోవాలి అనే జాబితా. రీబ్రాండింగ్‌లో ఈ రెండు పనులు తరచూ కలిసే నడుస్తాయి. విలీనం వల్ల పేరు మారినప్పుడైతే దాదాపు తప్పవు.

అలాంటి సమయంలో జాబితాలో తన పేరు రాకుండా ఎవరు ఆపుకోగలరు? పైన మాట సాయం చేసేవాడు ఉన్నవాడు. మేనేజర్‌తో ఒకే కాలేజీ, ఒకే జిల్లా, ఒకే సంఘం వనభోజనాలు పంచుకున్నవాడు. తన మనిషిని ఇంకో ప్రాజెక్టులోకి సర్దేవాళ్లు ఉన్నవాడు. మొదటి తరం దళిత ఇంజనీరుకు ఆ మనిషి ఉండడు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో బీటెక్ పూర్తి చేసి, పదో తరగతి నుంచి అన్నింట్లో 60 శాతం ఉండాలనే నిబంధన దాటి, ఒక్క ఏడాది గ్యాప్ ఉన్నా తిప్పి పంపే క్యాంపస్ ఇంటర్వ్యూల్లో నెగ్గి వచ్చినవాడు అతను. నెల జీతంలో చెల్లెలి చదువు ఉంది, ఊళ్లో ఇంటి అప్పు ఉంది. సగం జీతంతో ఆరు నెలలు ఇంట్లో కూర్చోగలిగే ఆస్తి లేదు. జాబితా కులం చూసి తయారు చేయకపోయినా, దాని దెబ్బ కులాన్ని బట్టే పడుతుంది.

లోగో మారని చొక్కా

ఆ సోమవారం మా అంతస్తులో కొత్త టీషర్టు అందనివాళ్లు కూడా ఉన్నారు. బాత్రూములు కడిగే అక్కలు, నేల తుడిచే తమ్ముళ్లు, గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు. వాళ్ల చొక్కా మీద మా కంపెనీ పేరు ముందూ లేదు, తర్వాతా లేదు. ఏజెన్సీ పేరే ఉంటుంది. మా అంతస్తు శుభ్రం చేసే అక్క ఆ రోజు నన్ను అడిగింది: "కంపెనీ అమ్మేసిన్రా సార్? మా పని ఉంటదా?"

పేరే మారింది అక్కా అన్నాను. "మీకు పేరు మారుతది సార్. మాకు ఏజెన్సోళ్లు మారితే జీతమే మారుతది" అంది.

ఐటీ పార్కుల్లో పారిశుధ్య పని చేసేవాళ్లలో ఎక్కువమంది ఏ కులాల నుంచి వస్తారో అక్కడ పనిచేసే అందరికీ తెలుసు. కోడ్ రాసేచోట ప్రతిభ పేరుతో వద్దన్న కులాలే బాత్రూము దగ్గర ఏ అభ్యంతరమూ లేకుండా కనిపిస్తాయి. చట్టం కూడా వాళ్లను బయటే ఉంచింది. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ ప్రకారం పారిశుధ్యం, కాపలా, క్యాంటీన్ పనులు సంస్థ ప్రధాన పనుల కిందికి రావు, సంస్థ పెట్టిందే ఆ పని కోసమైతే తప్ప. అంటే వాటిని ఎప్పటికీ కాంట్రాక్టుకే ఇచ్చుకోవచ్చు. కొత్త గుర్తింపు 'మనందరిదీ' అని సీఈఓ చెప్పినప్పుడు ఆ 'మన'లో ఈ అక్క లేదు.

లెక్క అడిగితే తప్పేమిటి?

మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో చట్టం వచ్చింది. పదిమంది ఉద్యోగులున్న ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలంది. అది పూర్తిగా అమలవుతోందని కాదు. కానీ ఫిర్యాదు చేయడానికి ఒక తలుపు ఉంది. కులవివక్షకు ఆ తలుపు లేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం నలుగురి ముందు కులం పేరుతో అవమానిస్తే పనికొస్తుంది. ప్రమోషన్ ఎందుకు ఆగిందో, మ్యాపింగ్‌లో మెట్టు ఎందుకు తగ్గిందో అడగడానికి అది సరిపోదు. రాజ్యాంగంలోని 16వ అధికరణ ప్రభుత్వోద్యోగాలకే పరిమితం. 2004లో యూపీఏ ప్రభుత్వం ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల మాటెత్తితే, పరిశ్రమ సంఘాలు స్వచ్ఛందంగా చేస్తామని చెప్పి దాన్ని పక్కకు నెట్టాయి. స్వచ్ఛందం ఎంత దూరం వెళ్లిందో బోర్డుల లెక్కే చెబుతోంది.

సెబీ నిబంధనల ప్రకారం 1,000 పెద్ద లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి ఏటా బాధ్యత, సుస్థిరత నివేదిక ఇవ్వాలి. ఉద్యోగుల్లో పురుషులెందరు, మహిళలెందరు, వికలాంగులెందరు అని అందులో గడులున్నాయి. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగులెందరనే గడి లేదు. విచిత్రమేమిటంటే, సీఎస్ఆర్ ప్రాజెక్టుల లబ్ధిదారుల్లో అణగారిన వర్గాల శాతమెంత అనే గడి ఉంది. దానం తీసుకునే చోట మనల్ని లెక్కపెడతారు. జీతం తీసుకునే చోట లెక్కపెట్టరు.

ఇప్పుడే ఇంటిపేరు బయటపడిందని బాధపడి, మళ్లీ కులం లెక్క అడుగుతారేమిటని కొందరు అనొచ్చు. రెండూ ఒకటి కాదు. ఇంటిపేరు బయటపడితే ఒక మనిషి ఒంటరిగా మేనేజర్ చూపుకు దొరుకుతాడు. లెక్కలో మనిషి పేరు ఉండదు, మొత్తం సంఖ్య ఉంటుంది. అందులో దొరికేది కంపెనీయే. అమెరికాలో 100 మందికి పైగా ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలు 1966 నుంచి ఉద్యోగుల జాతి వివరాలను ప్రభుత్వానికి సమర్పిస్తూ వచ్చాయి. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు నల్లజాతి ఉద్యోగుల శాతాన్ని ఏళ్లపాటు బహిరంగంగా ప్రకటించాయి. అవే కంపెనీలు హైదరాబాద్ క్యాంపస్ దగ్గరికి వచ్చేసరికి ఆడ, మగ లెక్కతో సరిపెట్టాయి. లెక్కపెట్టడం చేతకాక కాదు.

పేరు మార్చుకోవడం మనకు కొత్త కాదు

పేరు మార్పు గురించి మనకు ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. 1917లో బెజవాడలో పంచమ మహాజన సభ జరిగింది. భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించారు. పంచములు అనే పేరును ఆ సభ తిరస్కరించి ఆది ఆంధ్ర అనే పేరు పెట్టుకుంది. అది బయటివాళ్లు తగిలించిన లోగో కాదు. ఈ నేలకు మొదటివాళ్లం మేమే అనే హక్కు ప్రకటన. హైదరాబాద్ సంస్థానంలో ఆ పోరాటం 1931 జనగణనలో ఆది హిందువులుగా నమోదు కావడం దాకా వెళ్లింది. వాళ్లు కొత్త పేరుతో ఆగలేదు, ఆ పేరుతో లెక్కలో చోటు అడిగారు.

పైనుంచి రుద్దిన పేరునూ మనం చూశాం. 1938లో బొంబాయి శాసనసభలో అంటరానివారిని హరిజనులని చట్టంలో రాయడానికి కాంగ్రెస్ పూనుకుంటే, అంబేద్కర్ వ్యతిరేకించి తన పార్టీ సభ్యులతో సభ నుంచి బయటికి వచ్చేశారు. బతుకు మార్చకుండా పేరు తియ్యగా మార్చడంలో ఉన్న మోసం ఆయనకు తెలుసు. కార్పొరేట్ టౌన్‌హాళ్లలో 'మనందరి కొత్త గుర్తింపు' అనే మాట విన్నప్పుడు నాకు ఆ సభ గుర్తొస్తుంది.

ఆ సోమవారమే అడగాలి

రీబ్రాండింగ్‌ను తిట్టుకుంటూ కూర్చోవడం నా ఉద్దేశం కాదు. కంపెనీ తన కాగితాలన్నీ తిరగరాసే అరుదైన సమయం అది. నియామక పత్రాలు, ఉద్యోగుల నియమావళి, ఫిర్యాదుల విధానం, కాంట్రాక్టు ఒప్పందాలు అన్నీ కొత్త పేరుతో మళ్లీ అచ్చవుతాయి. ప్రతి ఉద్యోగితో మళ్లీ సంతకం పెట్టిస్తారు. అడగాల్సింది అప్పుడే.

ఒకటి, నియమావళిలో వివక్ష కారణాల జాబితాలో 'కులం' అనే మాట ఉండాలి. టాటా గ్రూపు నియమావళిలో ఆ మాట ఉంది. ఆపిల్ 2020లో చేర్చింది. కాబట్టి కుదరదనడానికి లేదు. రెండు, కులవివక్ష ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి, అందులో దళిత, ఆదివాసీ సభ్యులుండాలి. మూడు, ఈమెయిల్‌లో, కార్డు మీద తన పేరు ఎలా కనిపించాలో నిర్ణయించుకునే హక్కు ఉద్యోగికి ఉండాలి. అది సాఫ్ట్‌వేర్‌లో ఒక్క సెట్టింగ్. నాలుగు, హోదాల మ్యాపింగ్, బెంచి, తొలగింపుల లెక్కలను సామాజిక వర్గాలవారీగా, పేర్లు లేకుండా ప్రకటించాలి. సెబీ తన నివేదికలో ఆ గడి చేర్చాలి. ఐదు, ఏజెన్సీ మారినా పారిశుధ్య కార్మికుల జీతం, సర్వీసు తగ్గకూడదని కొత్త ఒప్పందాల్లో రాయాలి.

జనగణనలో కులగణన చేస్తామని కేంద్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. రేపు ఎన్యూమరేటర్ మా ఇంటికొచ్చి కులం అడుగుతారు, రాసుకుంటారు. అదే మనిషి తర్వాతి రోజు ఆఫీసు గేటు దాటితే అక్కడ కులం లేదంటారు. కానీ మెడలో కార్డు చూసి ఊరడుగుతారు.

నా మిత్రుడు తర్వాతి ఏడాది ఆ కంపెనీ వదిలేశాడు. కొత్త చోట చేరే ఫారంలో చివరి పేరు గడి దగ్గర చాలాసేపు ఆగానని చెప్పాడు. చివరికి ఏం రాశావని అడిగాను. పూర్తి ఇంటిపేరే రాశానన్నాడు. "మా తాత పేరు, మా నాన్న పేరు. నేనెందుకు దాచాలి? వాళ్ల నియమావళి అడిగి తీసుకుని చదివాను. అందులో కులం అనే మాట లేదు. ముందు ఆ మాట చేర్చమని మెయిల్ పెట్టాను" అన్నాడు.